కొత్త ఇంటికి బిల్డరును అతని పాత ఇళ్లలో వెతకాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరు నగరం నాలుగు వైపులా పొలాల్లోకి పాకుతున్న కాలమిది. పొదలకూరు రోడ్డు మీద, ముత్తుకూరు రోడ్డు మీద, బుజబుజ నెల్లూరు దాటాక, పెన్నకు ఆవల కోవూరు వైపు, నిన్నటి దాకా వరి కోసిన మళ్లలో ఇప్పుడు లేఔట్ల ముఖద్వారాలు లేచాయి. ఆ ద్వారాల పక్కన కట్టిన ఫ్లెక్సీల మీద, మీ పత్రిక స్థిరాస్తి పేజీల మీద, గృహప్రవేశానికి సిద్ధంగా ఉన్న ఇళ్ల బొమ్మలు రోజూ చూస్తున్నాం. ఆ బొమ్మలు చూసి జీవితకాలపు పొదుపును తెచ్చి బిల్డరు చేతిలో పోసే వాళ్లలో ఎక్కువ మంది నాలాంటి ఉద్యోగస్తులు, గల్ఫుకో బెంగళూరుకో వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నా జీవితంలో రెండు ఇళ్లు కట్టించాను. మొదటి ఇంటికి బిల్డరును ఎంచుకోవడంలో పూర్తిగా పొరబడ్డాను. రెండో ఇంటికి చాలా వరకు సరిగా ఎంచుకున్నాను. ఆ తేడా ఎక్కడ వచ్చిందో మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి.

మొదటి ఇల్లు 2008లో ముత్తుకూరు రోడ్డు వైపు కట్టించుకున్నాను. ఆ బిల్డరు పేరు ఇక్కడ రాయను, ఆయన ఇప్పుడు ఈ వృత్తిలో లేరు. ఆయనను ఎంచుకోవడానికి నాకు మూడు కారణాలు కనిపించాయి: మా బావమరిదికి తెలిసినవాడు, అందరికంటే తక్కువ రేటు చెప్పాడు, అప్పుడే పూర్తి చేసిన ఒక ఇంటికి తీసుకెళ్లి చూపించాడు, అది అద్దంలా మెరిసిపోతోంది. ఇల్లు పూర్తయిన నాలుగో ఏట సన్‌షేడ్ల అడుగున పెచ్చులు ఉబ్బడం మొదలైంది. ఆరో ఏట నడవలో స్లాబు అడుగు నుంచి అరచేయంత ముక్క ఊడి పడింది, లోపల కడ్డీ పొరలు పొరలుగా తుప్పు పట్టి కనిపించింది. ఒక ఇంజినీరును పిలిపించి చూపిస్తే ఆయన మొదట అడిగిన ప్రశ్న, కాంక్రీటు ఏ నీళ్లతో కలిపారని. స్థలంలోనే వేసిన బోరు నీళ్లతో కలిపారు. మేము తాగడానికి పనికిరావని క్యాన్లు తెప్పించుకున్న ఆ ఉప్పు నీళ్లనే మా స్లాబు తాగింది.

ఇనుమును కాంక్రీటు ఒక సన్నని రక్షణ పొరతో కాపాడుతుందని, నీటిలోని క్లోరైడు ఆ పొరను తినేస్తుందని, తుప్పు పట్టిన కడ్డీ మునుపటికంటే లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుందని ఆయన చెప్పే దాకా నాకు తెలియదు. కడ్డీ ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన మండలాల్లో బోరు వేసిన ప్రతివాడూ ముందు చేయవలసిన పని ఆ నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపడం. దానికి అయ్యే ఖర్చు గృహప్రవేశం నాటి టిఫిన్ల ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

నా పొరపాటు నీళ్ల దగ్గర మొదలు కాలేదు, బిల్డరును ఎంచుకున్న రోజునే మొదలైంది. ఆయన చూపించిన ఇల్లు కొత్తది. పుట్టీ పెట్టి, రెండు కోట్లు రంగు వేసి, నేల తుడిచి, మామిడి తోరణం కట్టిన రోజున ఏ ఇల్లు బాగుండదు? సిమెంటు తక్కువ పడ్డ గోడ, నీళ్లు పట్టని స్తంభం, కట్టవలసిన చోట కట్టని కడ్డీ ఆ రోజున కనిపించవు. ఇంట్లో మన కంటికి కనబడేది టైల్సు, తలుపులు, దీపాలు. ఇంటిని నిలబెట్టేవన్నీ మట్టిలోనో, కాంక్రీటులోనో, గోడ లోపలో దాగి ఉంటాయి. కాబట్టి బిల్డరు గుణం తెలియాలంటే అతను నిన్న పూర్తి చేసిన ఇంటిని కాకుండా ఐదారేళ్ల క్రితం పూర్తి చేసిన ఇంటిని చూడాలి, అది కూడా వానల్లో చూడాలి.

రెండో ఇల్లు మా అల్లుడిది, పొదలకూరు రోడ్డు వైపు ఇరవై అంకణాల స్థలంలో కట్టాము. అల్లుడూ అమ్మాయీ వేరే ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్నందున వెతికే భారం నా మీద పడింది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మన జిల్లాలో ఎవరూ మరచిపోలేరు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, నది ఒడ్డున ఉన్న కాలనీలు నీట మునిగాయి. ఆ వరదా ఆ ముసురూ వెళ్లిన తరువాత, డిసెంబరులో, నేను ముగ్గురు బిల్డర్ల దగ్గరికి వెళ్లి ఒకే మాట అడిగాను: మీరు 2016కు ముందు కట్టి ఇచ్చిన ఇళ్ల చిరునామాలు ఇవ్వండి, నేను ఒంటరిగా వెళ్లి చూసుకుంటాను.

మొదటి ఆయన ఏడాది లోపు కట్టిన ఇళ్ల ఫొటోలు ఫోనులో చూపించి, చిరునామాలు తరువాత పంపుతానన్నారు, పంపలేదు. రెండో ఆయన రెండు చిరునామాలు ఇచ్చారు, అవి రెండూ ఆయన చుట్టాలవని వెళ్లాక తెలిసింది. మూడో ఆయన నాలుగు ఇళ్లు చెప్పి, వాటిలో ఒక ఇంటికి మేడ మీది బాత్‌రూములో నీరు కిందికి దిగుతోందని, రెండుసార్లు సరిచేసినా పూర్తిగా ఆగలేదని, ఆ ఇంటివాళ్లు తనను తిట్టవచ్చని ముందే చెప్పారు. నేను సగం ఆ మాటకే ఆయన వైపు మొగ్గాను. మిగిలిన సగం ఆ నాలుగు ఇళ్లూ చూశాక మొగ్గాను.

పాత ఇంటికి వెళ్లినప్పుడు ఇంటి యజమానితో కంటే ఇల్లాలితో మాట్లాడితే ఎక్కువ తెలుస్తుందని నా అనుభవం. యజమానికి బిల్డరు స్నేహితుడై ఉంటాడు, లేదా తాను మోసపోయానని ఒప్పుకోవడం నామోషీగా ఉంటుంది. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు ఏదో, ఏ అల్మారాలో చీరలకు బూజు పడుతుందో, స్నానం చేశాక నీళ్లు మురుగు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు ఎందుకు పారుతాయో ఆమెకు తెలుసు. పై అంతస్తు పైకప్పు మీద గోధుమరంగు మరకలున్నాయా, పిట్టగోడ స్లాబుతో కలిసే చోట గీత పడిందా, పడమటి గోడ లోపలి వైపు చెమ్మ చేత్తో తాకితే తగులుతుందా, మోకాలి ఎత్తు వరకు రంగు పొక్కులు పొక్కులుగా లేచిందా అని నేను చూశాను. చివరి లక్షణం ఉంటే పునాది మీద చెమ్మ ఆపే పొర సరిగా వేయలేదని, నేలలోని తేమ ఉప్పును మోసుకుంటూ గోడ ఎక్కుతోందని అర్థం. ఆ ఇళ్లలో ఒక ఇల్లాలు నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లి, వాన వెలిసిన మూడో రోజు కూడా ఒక మూల నిలిచి ఉన్న నీటిని చూపించి, మేస్త్రీకి వాటం తెలియదండీ అన్నారు. నేను కాగితం మీద రాసుకున్న ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఆమె అన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

మన ప్రాంతపు నేల గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నగర శివార్లలో వస్తున్న ఇళ్లలో చాలా వరకు పంట నేలల మీద వస్తున్నాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు బారే రేగడి, ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన వరిమడి బంకమన్ను, వాటిమీద లేఔటు వేసినవాడు లారీలతో తోలి చదును చేసిన మూడు నాలుగు అడుగుల గ్రావెల్, ఇదీ మన ఇళ్ల కింద ఉండే వరస. తోలిన మట్టి ఎంత గట్టిగా కనిపించినా అది తోలిన మట్టే, పునాది దాన్ని దాటి అసలు నేలలోకి దిగాలి. ఎంత లోతుకు దిగాలో, ఆ నేల ఎంత బరువు మోయగలదో నేల పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. రేగడి లోతుగా ఉన్న చోట అడుగున గడ్డలాగా వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్సు అనే పునాది స్తంభాలు వేయవలసి రావచ్చు. పక్క ప్లాటులో ఐదడుగులే తవ్వారు, మనకూ ఐదడుగులు చాలు అన్న మాట ఏ బిల్డరు నోట విన్నా నేను లేచి వచ్చేస్తాను. వాస్తు సిద్ధాంతిని రెండుసార్లు తీసుకెళ్లి చూపించిన స్థలాన్ని నేల పరీక్ష చేసేవాళ్లకు ఒక్కసారి కూడా చూపించని ఇళ్లు నాకు తెలిసి చాలా ఉన్నాయి, మా మొదటి ఇల్లు వాటిలో ఒకటి.

పాత ఇంట్లో పగుళ్లను చదవడం కూడా కొంత నేర్చుకోవచ్చు. ప్లాస్టరింగు మీద సాలెగూడులాగా సన్నగా కనబడేవి ఎక్కువగా పైపూతకు చెందినవి, వాటికి భయపడనక్కరలేదు. స్తంభానికీ గోడకూ మధ్య నిలువుగా వచ్చే సన్నని గీత కాంక్రీటు, ఇటుక వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల వస్తుంది, ఆ అతుకు మీద తీగ జాలీ వేసి ప్లాస్టరింగు చేసే బిల్డరు ఇంట్లో అది చాలా వరకు రాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా, ఒక చివర వెడల్పుగా సాగే పగులు మాత్రం పునాది ఒక వైపు కుంగిందని చెప్పవచ్చు. అలాంటిది కనిపిస్తే ఆ ఇంటి బిల్డరు నవ్వుతూ ఎన్ని కారణాలు చెప్పినా ఒక ఇంజినీరు చేత చూపించకుండా ముందుకు పోకూడదు.

పాత ఇల్లు చూశాక, సగంలో ఉన్న ఇల్లు చూడాలి. నేను మూడో బిల్డరుకు చెప్పకుండా, ఎండ మండే మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆయన పని జరుగుతున్న చోటికి రెండుసార్లు వెళ్లాను. నిన్న వేసిన స్లాబు మీద మన రైతులు వరికి కట్టినట్టే సిమెంటు గట్లు వేసి మళ్లు కట్టారు, వాటినిండా నీళ్లున్నాయి. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి, పట్టా చేత్తో పట్టుకుంటే తడిగా ఉంది. సాధారణ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకుండా ఉంచాలని అదే ఐఎస్ 456 చెబుతుంది, పొడి ఎండల్లో ఏ సిమెంటుకైనా పది రోజులకు తగ్గకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గొట్టంతో చిలకరించడం నీళ్లు పట్టడం కాదు. బిల్డరు ఎంత గొప్పవాడైనా మధ్యాహ్నం రెండు గంటలకు అతని స్లాబు పొడిగా ఉంటే, కాగితం మీద అతను రాసిన సిమెంటు గ్రేడు గురించి చర్చించడం వృథా.

కాంక్రీటు పోయక ముందు కడ్డీలు కట్టిన దశలో ఒకసారి చూడగలిగితే ఇంకా మంచిది. కడ్డీ సెంట్రింగు రేకుకు ఆనకుండా కింద కవర్ బ్లాకులు అనే చిన్న సిమెంటు దిమ్మెలు పెట్టారా, లేక కంకర రాయి తోసి సరిపెట్టారా, పునాది దిమ్మెలైన ఫుటింగుల అడుగున 50 మిల్లీమీటర్లు, స్తంభాలకు 40 మిల్లీమీటర్ల కవర్, అంటే కడ్డీ మీద కాంక్రీటు మందం, ఉందా అని చూడడానికి ఇంజినీరింగు చదవనక్కరలేదు, ఒక స్కేలు చాలు. స్తంభం చుట్టూ వేసే రింగుల కొనలు స్తంభం లోపలికి బాగా వంచి ఉండాలి, 135 డిగ్రీలని ప్రమాణం. కొనలు ఊరికే లంబకోణంలో మడిచి వదిలేస్తే భూమి కదిలినప్పుడు ఆ రింగులు విడిపోతాయి. మనకు భూకంపాలు ఎక్కడ వస్తాయని నవ్వేవాళ్లకు 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో వచ్చిన భూకంపం గుర్తు చేస్తాను, 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా కదిలిన నేలను కూడా గుర్తు చేస్తాను. రింగు కొనను ఇంకొంచెం వంచడానికి బిల్డరుకు పట్టే అదనపు ఖర్చు అత్యల్పం, కాబట్టి అది చేయనివాడు డబ్బు కోసం కాక అలవాటు వల్ల చేయడం లేదు. ఆ అలవాటు మీ ఇంటి కోసమని మారదు.

బిల్డరు గురించి చెప్పగలిగే వాళ్లలో నేను ఆలస్యంగా కనుగొన్నది ఇనుము కొట్టు యజమానిని. మన ఊళ్లో బిల్డర్లు ఇనుము, సిమెంటు అరువు మీద తెచ్చుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ ఏ బిల్డరు నెలల తరబడి బాకీ పడి ఉన్నాడో, ఏ బిల్డరు కొత్త ఇంటి అడ్వాన్సు చేతికి రాగానే పాత ఇంటి బాకీ తీరుస్తున్నాడో ఆ కొట్టువాళ్లకు తెలుసు. అలాంటివాడి చేతికి మీరిచ్చే డబ్బు మీ ఇంటికి రాదు, నిన్నటి ఇంటికి పోతుంది, మీ ఇంటికి రేపు ఇంకొకరి డబ్బు రావాలి. ఆ రేపటివాడు రాకపోతే మీ ఇల్లు కిటికీల పై అంచు దగ్గర, లింటెల్ ఎత్తులో ఆగిపోతుంది. మన శివార్లలో మొండి గోడలుగా నిలిచి, లోపల తుమ్మచెట్లు మొలిచిన ఇళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తుకు వస్తుంది. అలాగే మేస్త్రీని ఒక్క మాట అడగండి, ఈయన దగ్గర ఎన్నేళ్లుగా చేస్తున్నావని. ఇంటికొక మేస్త్రీని మార్చే బిల్డరు కూలి సరిగా ఇవ్వడం లేదని నేను అనుకుంటాను.

ఇక రేటు సంగతి, ఇక్కడ నా వృత్తి నాకు కొంత ఉపయోగపడింది. మన జిల్లాలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, చిత్తూరు వైపు 36. స్థలం అంకణాల్లో, ఇల్లు చదరపు అడుగుల్లో, బ్రోచరు చదరపు గజాల్లో ఉంటే కొనేవాడు తికమకపడడంలో ఆశ్చర్యం లేదు. అయితే అసలు తికమక కొలతలో కాదు, దేన్ని కొలుస్తారన్న దానిలో ఉంది. ఒక బిల్డరు చదరపు అడుగుకు 1,800 రూపాయలన్నారు, మరొకరు 2,100 అన్నారు. మొదటివారు స్లాబు వైశాల్యం మీద లెక్కిస్తారు, రెండోవారు గోడల బయటి కొలత మీద లెక్కిస్తారు. ఇల్లు 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అనుకోండి, గోడల కొలత 900 చదరపు అడుగులు. స్లాబు నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వస్తే అది 34 అడుగుల చతురస్రం, 1,156 చదరపు అడుగులు. తక్కువ రేటు వారి బిల్లు 20,80,800 రూపాయలు, ఎక్కువ రేటు వారి బిల్లు 18,90,000 రూపాయలు. ఒక్క అంతస్తుకే 1,90,800 తేడా, అదీ తక్కువ చెప్పినవారికే ఎక్కువ. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల ఈ లెక్కను నేను 2008లో చేయలేదంటే నమ్మండి. మెట్లగది, పోర్టికో, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, కరెంటు మీటరు రేటులో కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోకపోతే వాటి దగ్గర మళ్లీ ఒక బిల్లు వస్తుంది.

డబ్బు ఇచ్చే వరస అంతకంటే ముఖ్యం. మొదటి ఇంటికి స్లాబు పడే నాటికి నూటికి డెబ్బై ఐదు రూపాయలు నా చేతి నుంచి వెళ్లిపోయాయి. అప్పటికి ఇంట్లో తలుపు లేదు, కిటికీ లేదు, తీగ లేదు, గొట్టం లేదు, గచ్చు లేదు. ఆ తరువాత బిల్డరు నా ఫోను ఎత్తడానికి వెనుకాడారంటే ఆయనకు రావలసినది పెద్దగా మిగల్లేదు కదా. రెండో ఇంటికి పూర్తయిన పనికి మాత్రమే డబ్బు అన్న పద్ధతి పెట్టుకున్నాం, పని దశలను చిన్న చిన్న ముక్కలు చేశాం, మొత్తంలో ఐదు శాతం గృహప్రవేశం తరువాత వచ్చే సంక్రాంతి దాకా మా దగ్గరే ఉంచుకుంటామని రాసుకున్నాం. సంక్రాంతి అని ఎందుకు పెట్టామంటే మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవి. ఇల్లు ఒక పూర్తి వానాకాలం తడిసి ఆరితే తప్ప అది కారుతుందో లేదో తెలియదు. 2023 మాఘ మాసంలో గృహప్రవేశం జరిగింది. ఆ డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది, మెట్లగది స్లాబు గోడతో కలిసే చోట నుంచి నీరు దిగింది. ఫోను చేసిన మూడో రోజున మనుషులు వచ్చి, అతుకు చెక్కి, వాటర్ ప్రూఫింగు చేసి, నీళ్లు నిలిపి చూపించి, సంక్రాంతి మరునాడు తమ ఐదు శాతం తీసుకెళ్లారు. మాకూ ఆయనకూ మధ్య ఒక్క గట్టి మాట రాలేదు. ఆయన మంచివారే, కాదనను, అయితే ఆ ఐదు శాతం కూడా తన వంతు పని చేసింది.

చట్టం సంగతికి వస్తే, స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటున్నారు. 2016 నాటి ఆ చట్టం నిజంగా గట్టిదే. బిల్డరు కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసం వేరే ఖాతాలో ఉంచాలి, రిజిస్టరు చేసిన విక్రయ ఒప్పందం లేకుండా ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు, ఇల్లు అప్పగించిన ఐదేళ్ల లోపు కట్టుబడిలో లోపం బయటపడితే ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఇళ్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనక్కరలేదు. ఐదు వందల చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు 75 అంకణాలు. నెల్లూరు శివార్లలో ఇరవై అంకణాల ప్లాట్లు రెండో మూడో కొని, వాటిలో డూప్లెక్సులు కట్టి అమ్మే చిన్న బిల్డరు ఈ గీతకు ఇవతలే ఉంటాడు. సొంత స్థలంలో కాంట్రాక్టుకు కట్టించుకునేవాడికి ఆ చట్టం అసలే వర్తించదు. అంటే మధ్యతరగతివాడు ఎక్కువగా కట్టించుకునే, కొనుక్కునే ఇల్లే ఆ గొడుగు బయట ఉంది.

అలాంటివారికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మిగులుతుంది. ఇల్లు కట్టి ఇవ్వడాన్ని ఆ చట్టం సేవగా గుర్తిస్తుంది, చెల్లించిన మొత్తం యాభై లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు చేయవచ్చు. కాని ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్ల లోపు చేయాలి. నా మొదటి ఇంటి స్లాబు పెచ్చులూడిన నాటికి నా దగ్గర ఉన్నవి రెండు రసీదులు, ఒక డైరీలో బిల్డరు చేతిరాత. ఏ గ్రేడు కాంక్రీటు, ఏ ఇనుము, ఎన్నేళ్ల పూచీ, ఏదీ ఎక్కడా లేదు. వాటితో ఏ తలుపు తట్టాలో తెలియక ఊరుకున్నాను. చట్టం ఐదేళ్ల పూచీ ఇవ్వని చోట ఒప్పందంలో మనమే రాయించుకోవాలి. మూడో బిల్డరు దానికి అభ్యంతరం చెప్పలేదు, రెండో ఆయన మాత్రం నమ్మకం లేని చోట పని చేయలేమని అన్నారు.

కట్టించుకోకుండా సిద్ధంగా ఉన్న కొత్త ఇల్లు కొనేవారికి కష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వారికి కడ్డీలు చూసే అవకాశం లేదు. వారు బిల్డరును నేల పరీక్ష నివేదిక, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉన్న డ్రాయింగులు, ఆమోదం పొందిన ప్లాను, ఫుటింగుల నాటి ఫొటోలు, కాంక్రీటు ఘనాలను 28 రోజుల తరువాత నలగగొట్టి చూసిన పరీక్ష ఫలితాలు, గోడల్లో కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఎటు పోయాయో చూపించే పటం అడగాలి. ఇవన్నీ ఇచ్చే చిన్న బిల్డరు అరుదు, అయినా అడగాలి, ఏవి ఇచ్చాడో ఏవి ఇవ్వలేదో దాన్నిబట్టి మనిషి తెలుస్తాడు. ప్లానులో ఉన్న ఇంటికీ ఎదురుగా ఉన్న ఇంటికీ టేపు పెట్టి కొలిచి చూసుకోవాలి. బ్యాంకు అప్పు మంజూరు చేసిందంటే ఇల్లు గట్టిదని అర్థం కాదు. బ్యాంకు వకీలు చూసేది హక్కు పత్రాలను, వాల్యుయరు చూసేది విలువను. ఇంటి లోపలి ఇనుముతో వారిద్దరికీ పని లేదు.

స్థలం కాగితాల గురించి అందరూ చెబుతారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. లింకు దస్తావేజులు, ఆ భూమి మీది లావాదేవీలు చూపే ఈసీ చూసుకోవడంతో పాటు ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, పాత రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలు పెట్టిన, మన జిల్లాలో పేరుబడ్డ చుక్కల భూమా, ప్రభుత్వం పేదలకు పంచిన డీకేటీ పట్టా భూమా, లేక పూడ్చిన పంటకాలువా అన్నది కూడా చూసుకోవాలి.

బిల్డర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే నేను న్యాయం చేసినట్టు కాదు. ఇసుక దొరికే రోజు దొరుకుతుంది, దొరకని రోజు దొరకదు, ఒప్పందం నాటి ఇనుము ధర స్లాబు నాటికి ఉండదు. పని మధ్యలో ఇంటివాళ్లు వచ్చి ఈ కిటికీ తీసేయండి, ఆ గోడ జరపండి, దేవుడి గది ఇటు తిప్పండి అంటారు, ఆ మార్పుల డబ్బు అడిగితే ముఖం మాడ్చుకుంటారు. రెండో ఇంటికి మేము ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి మార్పునూ, దాని ఖర్చునూ రాసి ఇద్దరం సంతకాలు చేశాం. చివర్లో చూస్తే అందులో పదకొండు మార్పులున్నాయి, తొమ్మిది మా అమ్మాయివే. నిజాయితీగా పని చేసే బిల్డరుకు పోటీ సాటి మంచి బిల్డరుతో కాదు, అందరికంటే తక్కువ చెప్పి మధ్యలో సిమెంటు తగ్గించేవాడితో. తక్కువ రేటు ఒక్కటే చూసి మనం ఆ రెండోవాణ్ణి పోషిస్తూ వచ్చాం. 2008లో అలా పోషించినవారిలో నేనూ ఉన్నాను.

ఈ లేఖ ద్వారా నేను కోరేవి రెండు. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ నుడా, పురపాలక అధికారులు ప్లాను మంజూరు చేసేటప్పుడు, 75 అంకణాల లోపు స్థలాల్లో కట్టి అమ్మే ఇళ్లకు కూడా నేల పరీక్ష నివేదిక, స్ట్రక్చరల్ డ్రాయింగుల ప్రతులు కొనేవారికి ఇవ్వాలన్న షరతు పెట్టే అవకాశాన్ని పరిశీలించాలి. రెండోది మీ పత్రికను ఉద్దేశించినది. ఇల్లు కట్టించుకునేవారు బిల్డరుతో రాసుకునే ఒప్పందాలు సాధారణంగా ఇంగ్లీషులో, స్టాంపు కాగితం మీద, చిన్న అక్షరాల్లో ఉంటాయి, సంతకం చేసేవారిలో చాలామంది వాటిని చదవరు. మూడో బిల్డరుతో మేము తెలుగులో రాసుకున్న ఐదు పేజీల ఒప్పందం ప్రతిని, పేర్లూ చిరునామాలూ కొట్టివేసి, ఈ లేఖకు జతపరుస్తున్నాను. నాలుగో పేజీలో డబ్బు దశల పట్టిక, ఐదో పేజీలో సంక్రాంతి దాకా ఆపే ఐదు శాతం నిబంధన ఉన్నాయి. న్యాయవాది చేత ఒకసారి చూపించి, తప్పులుంటే దిద్దించి, మీ స్థిరాస్తి పేజీలో ఒక ఆదివారం చోటిస్తే కత్తిరించి దాచుకునేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నెల్లూరు.